ఆ కాగితంలో తొమ్మిది శాతం అని ఉంది

(రోగనిరోధక శక్తి లోపంతో పుట్టిన పిల్లల తల్లిదండ్రుల కోసం 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సమావేశంలో ఒక తల్లి మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మాట. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి వెనక కిటికీల దగ్గర కూర్చోండి, మాస్కు పెట్టుకోండి, ఏమీ అనుకోవద్దు. ఈ హాల్లో మన పిల్లలు కూడా ఉన్నారు. ఈ మాట చెప్పడానికి ఒకప్పుడు నాకు నోరు వచ్చేది కాదు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ముందు ఇదే చెబుతాను.

నేను డాక్టర్ని కాదు. పల్నాడులో ఒక ఊరు మాది. మా ఆయనది ఎరువుల కొట్టు. నేను డిగ్రీ చదివాను, ఇంట్లోనే ఉంటాను. నాకు తెలిసిందంతా మా బాబు వల్ల తెలిసిందే.

నా చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి, లామినేషన్ చేయించాను. రెండూ రక్త పరీక్ష రిపోర్టులే, సీబీసీ అంటారే, ఏ చిన్న ఊళ్ళో అయినా మూడు నాలుగు వందల్లో చేసేస్తారు, అది. ఒకటి 2017 నాటిది, ఇంకోటి 2021 నాటిది. మొదటిది మా పెద్ద బాబుది. వాడు నాలుగో నెలలో పోయాడు.

వాడికి నిమ్ము చేసిందన్నారు. తగ్గింది, ఇంటికి తెచ్చుకున్నాం, మళ్ళీ పదిరోజులకే ఆయాసం. నోట్లో తెల్లటి పూత ఎన్ని మందులు పూసినా పోలేదు, బరువు పెరగలేదు. మా ఊళ్ళో అందరూ దిష్టి అన్నారు, బాలారిష్టం అన్నారు, ఒకాయన నా జాతకంలోనే దోషం ఉందన్నాడు. నేనూ నమ్మాను. బిడ్డ పోయినప్పుడు మనిషికి ఏదో ఒక కారణం కావాలి, లేకపోతే అన్నం దిగదు. నాలుగేళ్ళు ఆ తప్పంతా నాదే అనుకుని బతికాను.

2021 ఆగస్టులో చిన్నవాడు పుట్టాడు. పుట్టిన మర్నాడే ఎడమ భుజానికి బీసీజీ, అదే టీబీ టీకా, వేశారు, పోలియో చుక్కలు వేశారు, అందరు పిల్లలకూ వేసినట్టే. ఇంతకుముందు ఒక బిడ్డ పోయాడని నేను చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఆరో వారం చుక్కల్లో పోలియోతో పాటు రోటావైరస్ చుక్కలు కూడా ఉంటాయి కదా, అవి వేసిన తర్వాత మొదలైన విరేచనాలు ఆగలేదు. నెల దాటింది. నోట్లో మళ్ళీ అదే తెల్లటి పూత. ఆ పూత చూసిన రోజు నాకు కాళ్ళు చల్లబడ్డాయి. డిసెంబరుకి ఎడమ చంకలో ఉసిరికాయంత గడ్డ వచ్చింది. బీసీజీ వేసిన చెయ్యి వైపే.

గుంటూరులో ఒక చిన్న వయసు పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ బాబుని ముట్టుకోకముందే చేతులు కడుక్కుని, "మీ ఇంట్లో ఇంతకుముందు పసిబిడ్డ ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు ఆవిడ. చెప్పాను. ఆవిడ సీబీసీ కాగితం తీసుకుని, పెన్నుతో పక్కనే లెక్క వేసింది. తెల్ల కణాలు మొత్తం 6,800. అందులో లింఫోసైట్లు, తెల్ల కణాల్లోనే ఒక రకం, 9 శాతం. అంటే 612.

ఇక్కడ కాస్త ఆగి ఈ లెక్క చెబుతాను, నేను ఇంత దూరం వచ్చింది దీనికోసమే. పెద్దవాళ్ళకి లింఫోసైట్లు తక్కువ శాతం ఉన్నా ఫరవాలేదు, కానీ నెలల పిల్లల్లో తెల్ల కణాల్లో సగానికి పైగా లింఫోసైట్లే ఉండాలి. మొత్తం సంఖ్యని ఆ శాతంతో గుణించి వందతో భాగిస్తే వచ్చే అంకె పసిబిడ్డకి 3,000 కంటే తక్కువ వచ్చిందంటే అనుమానించాలి, ఒకసారి మళ్ళీ చేయించి, అప్పుడూ తక్కువే ఉంటే ఇమ్యునాలజీ, అంటే రోగనిరోధక శక్తి జబ్బులు, తెలిసిన డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. చిక్కు ఎక్కడుందంటే, రిపోర్టులో మొత్తం తెల్ల కణాలు 6,800 అని చూడగానే నార్మల్ అనిపిస్తుంది. చాలా ల్యాబుల్లో పక్కన అచ్చు వేసే నార్మల్ రేంజి పెద్దవాళ్ళది. ఆ 9 శాతం దగ్గర ఎర్ర గుర్తు పెట్టినా, జ్వరం వల్లేలే అనుకుని పక్కన పడేస్తారు.

ఆ రాత్రి ఇంటికొచ్చి బీరువాలోంచి పెద్దవాడి ఫైలు తీశాను. 2017 కాగితం. మొత్తం 5,200, లింఫోసైట్లు 11 శాతం. 572. నాలుగేళ్ళుగా ఆ కాగితం నా చీరల కింద ఉంది. జాతకంలో దోషం కాదు, దిష్టి కాదు. కారణం ఆ కాగితంలో రాసే ఉంది.

(కాసేపు మాట్లాడలేదు.)

సరే. ఎక్స్‌రేలో కూడా ఒక గుర్తు కనబడుతుందట. పసిపిల్లలకి గుండె పైన థైమస్ అనే గ్రంథి నీడలా పడుతుంది, మావాడి ఎక్స్‌రేలో ఆ చోటు ఖాళీగా ఉంది. తర్వాత ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్ష చేశారు, టీ కణాలు దాదాపు లేవు, బీ కణాలు లేవు. స్కిడ్ అన్నారు. తెలుగులో చెప్పాలంటే, రోగాలతో పోరాడే కణాల్లో ముఖ్యమైన రెండు రకాలూ పనిచేయకుండా, లేదా అసలే లేకుండా పుట్టడం. జన్యు పరీక్షలో రాగ్-1 అనే జీన్‌లో లోపం తేలింది. ఆ జీన్ చేసే పని కత్తిరించి కలపడం. ప్రతి టీ కణమూ, ప్రతి బీ కణమూ ఒక్కో రకం క్రిమిని గుర్తుపట్టడానికి తన డీఎన్ఏలోని ముక్కల్ని కత్తిరించి కొత్త వరసలో కలుపుకుంటుంది. కత్తెర లేని దర్జీ దగ్గర ఎంత గుడ్డ ఉంటే ఏం లాభం? ఆ కణాలు తయారీ మధ్యలోనే ఆగిపోతాయి.

మాది మేనరికం. మా ఆయన నాకు మేనత్త కొడుకు. ఇద్దరిలోనూ ఆ జీన్ రెండు కాపీల్లో ఒక్కొక్కటి పాడైంది, మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు, కానీ మాకు పుట్టే ప్రతి బిడ్డకీ రెండూ పాడైనవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకరికి వచ్చింది కాబట్టి ఇక మిగతా వాళ్ళకి రాదు అని కాదు, ప్రతిసారీ నాలుగింట ఒకటే. ఈ మాట అన్నప్పుడు మేనరికం చేసుకున్న తల్లులు కొందరు తల దించుకుంటారు, నాకు తెలుసు. దించుకోకండి. మీరు చేసిన నేరం కాదు. తెలిశాక చేయాల్సింది ఒకటుంది, తర్వాత కానుపు అనుకుంటే గర్భం వచ్చిన పదకొండు నుంచి పదమూడు వారాల మధ్యే పరీక్ష చేయించుకోవచ్చు, ముందు బిడ్డ జన్యు రిపోర్టు చేతిలో ఉండాలి అంతే. మేనరికం లేకపోయినా ఇంకో రకం వస్తుంది, తల్లి నుంచి మగపిల్లలకే వచ్చేది. మీ అమ్మవైపు మగపిల్లలు పసితనంలోనే పోయిన కథలు ఉంటే వాటిని పాత కథలని వదిలేయకండి, డాక్టరుకి చెప్పండి, కానుపు గదిలోకి వెళ్ళకముందే చెప్పండి, బీసీజీ ఆపమని అడగండి.

టీకాల గురించి తప్పుగా అర్థం చేసుకోవద్దు. నా మాట విని టీకాలు మానేసేవాళ్ళు ఒక్కరున్నా నేను మాట్లాడి పాపం చేసినదాన్ని అవుతాను. బీసీజీ, పోలియో చుక్కలు, రోటా చుక్కలు, ఇవి బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి. మామూలు బిడ్డకి ప్రాణం కాపాడేవి ఇవే. మావాడి లాంటి వాడి ఒంట్లో ఆ బలహీనమైన క్రిమికి కూడా అడ్డు లేదు. మీ వీధిలో పిల్లలందరికీ టీకాలు వేయిస్తేనే టీకా వేయించుకోలేని మన పిల్లలు బతుకుతారు. ఒక్క జాగ్రత్త, ఇంట్లో ఇంకో చిన్నపిల్ల ఉంటే నోటి చుక్కలకు బదులు పోలియో ఇంజెక్షన్ వేయించమంటారు, ఎందుకంటే చుక్కల్లోని వైరస్ విరేచనంలో కొన్ని వారాలు బయటికి వస్తుంది.

జబ్బు పేరు తెలిసిన రోజే నా పాలు ఆపమన్నారు. సీఎంవీ అని ఒక వైరస్, మన దేశంలో పెద్దవాళ్ళలో చాలామందికి ఎప్పుడో వచ్చి ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది, నాకూ ఉంది, అది పాలలో వస్తుంది. బిడ్డ ఏడుస్తుంటే, రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చి, పక్కగదిలో పడుకున్నాను. మా అత్తయ్య సీజను కాకపోయినా ఎక్కడెక్కడో వెతికి మల్లెపూలు తెప్పించి రొమ్ములకి కట్టింది, పాలు ఇంకిపోవడానికి. ఆ పూల వాసన ఇప్పటికీ నాకు పడదు. అదృష్టం, బాబుకి సీఎంవీ పరీక్షలో ఏమీ రాలేదు.

ఎముక మజ్జ మార్పిడి ఒక్కటే దారి అన్నారు. అప్పటిదాకా, రెండున్నర నెలలు, బిడ్డని క్రిముల నుంచి దాచాలి. రోజూ సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ సిరప్, ఫంగస్ మందు, చంక గడ్డకి టీబీ మందులు. నెలకోసారి ఐవీఐజీ, అంటే వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు. ఎవరో ముక్కూమొహం తెలియని వేలమందికి వచ్చి తగ్గిన జబ్బుల జ్ఞాపకం మా బిడ్డ నరంలోకి చుక్కచుక్కగా ఎక్కుతుంటే దండం పెట్టుకునేదాన్ని. రక్తదానం చేసేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే మీకు నా నమస్కారం.

ఇంట్లో పని గురించి చాలామంది అడుగుతారు. నీళ్ళు తెర్లకాచినవే. వండినది వేడిగా అప్పుడే, మిగిలింది బాబుకి పెట్టకూడదు. పెరుగు మానేశాం. అరటి, బత్తాయి లాంటి తొక్క తీసే పండ్లే, అదీ తొక్క కడిగాక. మా పాత ఇంట్లో ఉత్తరం గోడ చెమ్మ పట్టి నల్లగా ఉండేది, అది ఫంగస్, దాన్ని గోకి బాగుచేయిద్దాం అనుకున్నాం. డాక్టరు వద్దేవద్దన్నారు, గోడ గోకితే లేచే దుమ్ములోనే అసలు ప్రమాదం ఉందట. బాబుని దక్షిణం గదిలోకి మార్చి ఆ గదికి తాళం వేశాం. ఇవన్నీ కష్టంగా వినిపిస్తాయి కానీ వారానికి చేతికి అలవాటైపోతాయి.

అలవాటు కానిది గుమ్మం. వచ్చినవాళ్ళని గుమ్మంలో ఆపడం.

మన ఇళ్ళల్లో బిడ్డని చూడటానికి వచ్చినవాళ్ళని ఆపడం ఎంత కష్టమో మీకు చెప్పక్కరలేదు. 2022 సంక్రాంతి. అప్పుడు ఒమిక్రాన్ కూడా. బెంగుళూరు నుంచి, హైదరాబాద్ నుంచి చుట్టాలందరూ ఊళ్ళోకి దిగారు. "ఒక్కసారి ఎత్తుకుని ఇచ్చేస్తాం", "మా చేతులు శుభ్రమే", "మేం పిల్లల్ని పెంచలేదా". మా పినమామగారు ముక్కు చీదుకుంటూ వచ్చి, ఇది ఎలర్జీ అమ్మా, జలుబు కాదు అన్నారు. నేను ఏం అనలేక మా ఆయన వైపు చూశాను, ఆయన నేల చూశారు. అప్పుడు మా అత్తయ్య, అంతవరకూ నా జాగ్రత్తలన్నీ చాదస్తం అన్న మనిషి, వంటింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "ఒక మనవణ్ణి నా చేతులతో పంపించాను. ఇంకోణ్ణి పంపించను. అలుగుతారో తిడతారో మీ ఇష్టం" అంది. ఆ కుర్చీ మార్చి దాకా అక్కడి నుంచి కదల్లేదు. పినమామగారు రెండేళ్ళు మాతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఫరవాలేదు. మీ ఇంట్లో కూడా కుర్చీలో కూర్చునే మనిషి ఒకరు కావాలి. తల్లి ఒక్కతీ అన్నీ చేయలేదు, ముఖ్యంగా ఇది చేయలేదు, ఎందుకంటే కోడలు కాదంటే అది పొగరు, అదే మాట అత్తగారు అంటే అది కట్టడి. మా ఊళ్ళో అయితే ఇంతే, మీ దగ్గర వేరేలా ఉంటే సంతోషం.

ఇంకో మాట, ఇది మర్చిపోకండి. మధ్యలో ఒక ఆసుపత్రిలో బాబుకి హిమోగ్లోబిన్ తగ్గి రక్తం ఎక్కించాలన్నారు. సంచి తెచ్చి తగిలించబోతుంటే దాని మీద రేడియేషన్ ఇచ్చిన గుర్తు లేదని నేను చూశాను. ఏ రక్తం సంచిలోనైనా దాత తెల్ల కణాలు కొన్ని బతికే ఉంటాయి, మామూలు మనిషి ఒంట్లో అవి చచ్చిపోతాయి, మన పిల్లల ఒంట్లో మాత్రం వాటిని ఆపే దిక్కు లేక అవే బిడ్డ మీద తిరగబడతాయి, ప్రాణం తీస్తాయి. అందుకే రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి. గుంటూరు డాక్టరమ్మ ఆ మాట ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో రాసి ఇచ్చింది. ఆ అట్ట చూపించి, అరిచాను. నా జన్మలో ఒక ఆసుపత్రిలో అంత గొంతెత్తడం అదే మొదటిసారి. నాలుగు గంటల తర్వాత సరైన సంచి వచ్చింది. మీరూ అలా అట్ట మీద రాయించుకోండి.

మార్పిడికి దాత ఎవరు? మా పాప. అప్పటికి దానికి ఆరేళ్ళు నిండాయి. తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి, మా దురదృష్టమూ నాలుగింట ఒకటే, అదృష్టమూ నాలుగింట ఒకటే అయింది. పాపకి హెచ్ఎల్ఏ, అంటే మార్పిడికి జత చూసే కణాల గుర్తులు, పూర్తిగా సరిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు మా ఆయన కొట్లో యూరియా బస్తా మీద కూర్చుని ఏడ్చారట.

కానీ ఆ రాత్రి నేను ఫోనులో చదవకూడనిది చదివాను. అమెరికాలో హ్యూస్టన్‌లో డేవిడ్ వెటర్ అని ఒక అబ్బాయి, 1971లో పుట్టాడు, ఇదే స్కిడ్‌లో ఇంకో రకం. క్రిములు లేని ప్లాస్టిక్ గుడారంలో పెంచారు, బబుల్ బాయ్ అని అందరికీ తెలిసిన అబ్బాయి. పన్నెండేళ్ళు అలా బతికాక అక్క మజ్జ ఎక్కించారు. పూర్తిగా సరిపోయిన మజ్జ కాదు. ఆ మజ్జలో దాక్కున్న ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల కేన్సర్ వచ్చి 1984 ఫిబ్రవరిలో పోయాడు. అక్క మజ్జ! తెల్లారేదాకా నిద్రపోలేదు. మర్నాడు డాక్టరుగారిని అడిగితే ఆయన విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పారు, అప్పటి పరీక్షల్లో ఆ వైరస్ దొరకలేదమ్మా, ఇప్పుడు ముందు చూస్తాం, ఎక్కించాక కూడా చూస్తూనే ఉంటాం అని. ఆ అబ్బాయి కణాల మీద జరిగిన పరిశోధన కూడా ఈ జబ్బుని అర్థం చేసుకోవడానికి ఉపయోగపడిందన్నారు. ఆ తల్లిని తలుచుకోని రోజు లేదు నాకు.

పాపకి ఏం చెప్పాలి? "నీ ఒంట్లో తమ్ముడికి కావల్సిన విత్తనం ఉంది, నడుము ఎముకలోంచి కొంచెం తీస్తారు, నువ్వు నిద్రపోతావు, లేచాక నొప్పి ఉంటుంది" అని చెప్పాను. నొప్పి ఉండదని అబద్ధం చెప్పలేదు. అది కాసేపు ఆలోచించి, "మళ్ళీ నాకు మొలుస్తుందా?" అంది. మొలుస్తుందన్నాను. నిజంగానే మజ్జ మళ్ళీ నిండుతుంది. "అయితే పెద్ద తమ్ముడికి ఎందుకివ్వలేదు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. దాత అయిన పిల్లల్ని మనం మర్చిపోతాం. అందరూ చిన్నవాడి గురించే అడుగుతారు. దాన్ని ఆరునెలలు మా అమ్మ దగ్గర వదిలేశాం, స్కూలు మారింది, ఎవరూ దానికి నొప్పి తగ్గిందా అని అడగలేదు. నా పొరపాటు అది. మీరు చేయకండి.

2022 మార్చిలో మార్పిడి. ముందు బాబు సొంత మజ్జని ఖాళీ చేయడానికి కీమో. మజ్జ ఎక్కించడం చూస్తే ఏమీ ఉండదు, మామూలు రక్తం ఎక్కించినట్టే, కొన్ని గంటల్లో అయిపోయింది. తర్వాతే నరకం, నోరంతా పుళ్ళు, పది పన్నెండు రోజులు తెల్ల కణాలు సున్నా. అక్క కణాలు తమ్ముడి మీద తిరగబడకుండా మొదటి రోజు, మూడో రోజు, ఆరో రోజు పసుపుపచ్చ రంగు ఇంజెక్షన్ ఇచ్చారు, మెథోట్రెక్సేట్. ఆ మందు వెనక ఉన్నది మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అని మా ఆయనే నాకు చెప్పారు. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి, సొంత అన్నదమ్ముల్ని జబ్బుతో పోగొట్టుకున్నవాడు, అమెరికా వెళ్ళి చేసిన పని, డెబ్భై ఏళ్ళ తర్వాత గాజు తలుపు అవతల మా బిడ్డ చేతి నరంలో. ఆయన పటం మా దేవుడి గదిలో ఉంది.

పదహారో రోజు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు ఐదువందలు దాటాయి. మరో రెండు రోజులు నిలబడితే గానీ నమ్మొద్దన్నారు, నిలబడ్డాయి. రెండో నెలలో చంక గడ్డ మళ్ళీ ఉబ్బి, ఎర్రబడి, పగిలి చీము కారింది. నేను భయపడి చచ్చాను. డాక్టరుగారు మాత్రం నవ్వారు. కొత్తగా వచ్చిన కణాలు ఆ బీసీజీ క్రిమిని ఇప్పుడు గుర్తుపట్టి కొడుతున్నాయట. ఒంట్లో మంట పుట్టించే శక్తి కూడా లేని బిడ్డకి మొదటిసారి మంట పుట్టింది. చీము చూసి సంతోషపడిన తల్లిని నేనే అయ్యుంటాను.

తిరుపతి మొక్కు ఉండేది, పుట్టువెంట్రుకలు కొండ మీద తీయిస్తామని. కీమోకి ఆ జుట్టు ఆసుపత్రి దిండు మీదే రాలింది. అత్తయ్య ఆ వెంట్రుకల్ని కాగితంలో పొట్లం కట్టి దాచింది. గుంపుల్లోకి వెళ్ళొచ్చని చెప్పాక, 2024లో, కొండకి వెళ్ళి కొత్తగా వచ్చిన జుట్టు ఇచ్చాం, ఆ పొట్లం కూడా అక్కడే ఇచ్చాం. అదే ఏడాది టీకాలన్నీ మొదటి నుంచి మొదలై, మీజిల్స్ టీకా దాకా వచ్చాయి. బతికున్న క్రిమితో చేసిన టీకా. వేసిన రాత్రి మళ్ళీ నిద్ర లేదు. ఏమీ కాలేదు.

డబ్బు సంగతి త్వరగా చెబుతాను. మేం అరెకరం అమ్మాం, మిగతాది చందాలు. మాకు అప్పుడు తెలియని సంగతి, 2021లో వచ్చిన అరుదైన జబ్బుల జాతీయ విధానంలో స్కిడ్ పేరు ఉంది. మజ్జ మార్పిడికి ఇప్పుడు 50 లక్షల దాకా సాయం అడగొచ్చు. సెంటర్ ఆఫ్ ఎక్స్‌లెన్స్ అని పెట్టిన ఆసుపత్రుల ద్వారానే వెళ్ళాలి. మనకి హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిపి ఒకటి ఉంది. జబ్బు పేరు తెలిసిన రోజే అడగండి, మార్పిడి అయ్యాక కాదు.

అమెరికాలో 2018 చివరికి అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టిన ప్రతి బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి ఈ జబ్బు చూస్తున్నారు. మొదటి మూడున్నర నెలల్లోపే మార్పిడి జరిగితే నూటికి తొంభై మందికి పైగా బతుకుతున్నారు. ఇక్కడ అందరికీ ఆ పరీక్ష లేదు. రావాలి, అడుగుదాం, అందరం కలిసి అడుగుదాం. అది వచ్చేదాకా మనకున్నది ఈ సీబీసీ కాగితమే.

మీలో కొందరు ఫైళ్ళు తెచ్చారని చూశాను. పోయిన బిడ్డల ఫైళ్ళు కూడా తెచ్చారు, అట్టలు చూస్తేనే తెలుస్తుంది. భోజనాలు అయ్యాక ఆ మూల బల్ల దగ్గర ఉంటాను, ఇమ్యునాలజీ డాక్టరుగారు కూడా ఉంటారు. కాలిక్యులేటర్ తెచ్చాను. తీసుకురండి, కలిసి చూద్దాం.